అత్తమ్మ చెప్పింది, నేను పంపలేదు

మా అత్తమ్మ పోయింది. కరీంనగర్ ఆసుపత్రిలో నాలుగు రోజులుంది, ఐదో రోజు పొద్దున ఊపిరి అందక కన్ను మూసింది. జన్మంతా తంబాకు దుమ్ము పీల్చిన ఛాతీ, ఇంకెన్నాళ్లు మోస్తుంది! ఈ కబురు మీకు నెల ఆలస్యంగా చెబుతున్నాను. ‘అవ్వ ఏమైంది, కనబడటం లేదు’ అని మీలో చాలామంది అడుగుతూనే ఉన్నారు. ఫోను తీయడం, ఆ ప్రశ్న చూడటం, మళ్లీ పక్కన పెట్టడం. ఇన్నాళ్లూ అదే పని.

ఈ బ్లాగుల సైట్‌లో మీ రాతల కింద ‘చెప్పింది అత్త, రాసింది కోడలు’ అని చివర పెట్టి వచ్చిన వ్యాఖ్యలన్నీ ఆమెవి. ఆ కోడలిని నేను. ఇంతవరకు మీకు తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. ఇదే సైట్‌లో మారుపేరుతో, తనది మంథని దగ్గర పల్లె అనీ, మొగుడు దుబాయ్‌లో ఉన్నాడనీ చెప్పుకుంటూ అత్తగారి మీద రాసే ఒకామె ఉంది కదా. ‘బయటి గొళ్లెం’ రాసినామె. అది చదివి మీరంతా ‘ఆ ముసలిదాన్నే లోపల పెట్టి తాళం వెయ్యమ్మా’ అని తిట్టిపోశారు. ఆమె కూడా నేనే. మీరు ఇష్టపడ్డ అవ్వ, మీరు తిట్టిన అత్త, ఇద్దరూ ఒక్కరే.

ఎవరికి కోపం వచ్చినా తిట్టండి, పడతాను. కానీ ముందు ఇది చదవండి. అత్తమ్మ ఒక మాట చెప్పి, ఆ గొళ్లెం రాసిన పిల్లకు పంపమంది. నేను పంపకుండా పంపానన్నాను. ఆమె బతికినన్నాళ్లూ జవాబు కోసం ఎదురుచూసింది. ఆ మాటను ఇవాళ చేర్చాలి, దానికోసమే ఇదంతా.

మాది సిరిసిల్ల. మా వాడకట్టులో మగవాళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తారు, ఆడవాళ్లు బీడీలు చుడతారు. మా ఆయన రాష్ట్రం దాటి భీవండిలో సాంచాలు నడిపిస్తాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. పెళ్లయి ఏడేళ్లు, పిల్లల్లేరు. ఊరంతా అడిగింది గానీ ఆ ఒక్క మాట అత్తమ్మ నోట ఏనాడూ రాలేదు. ఎవరైనా వచ్చి కదిలిస్తే, “నీకేం పని? నీ కట్టలైనయా?” అని తిప్పికొట్టేది. ఆ ఒక్కదానికే ఆమెకు దండం పెట్టొచ్చు.

కానీ గొళ్లెం మాట నిజం. రోజూ మధ్యాహ్నం చుట్టిన బీడీలు గంపలో పెట్టుకొని, వాడకట్టు ఆడవాళ్లతో కలిసి కార్ఖానాలో అప్పజెప్పడానికి పోయేది. పోతూ పోతూ తలుపుకు బయట గొళ్లెం పెట్టేది. లోపల నేను. తాళం వేసేది కాదు, ఉత్త గొళ్లెమే. ఆమె వచ్చేసరికి రెండు గంటలు, ఒక్కోసారి మూడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగాను, ఎందుకత్తమ్మా అని. “మొగడు భీవండిల ఉన్నోళ్లింట్ల గట్లనే ఉంటది” అంది. వాడకట్టులో ఇంకెవరింట్లోనూ అట్లా ఉండేది కాదు. నేను మళ్లీ అడగలేదు. కిటికీ దగ్గర కూర్చుంటే ఎదురింటి గోడ, దాని మీద ఆరేసిన నూలు, దాని వెనక సాంచాల చప్పుడు. ఏడేళ్లు ఆ గోడే చూశాను. దాని మీద ఏ పగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇప్పటికీ చెబుతాను.

మా ఆయన కొత్త ఫోను కొనుక్కొని, అద్దం పగిలిన పాతది నాకిచ్చి పోయాడు. ఒకరోజు అత్తమ్మ మోకాళ్లు పట్టుకొని మూలుగుతుంటే, మోకాళ్ల నొప్పులకు ఏం చేయాలి అని తెలుగులో కొట్టి చూశాను. మందు దొరకలేదు, మీరు దొరికారు. కరీంనగర్ నుంచి మంథని పోయే బస్సులో కండక్టరు చేసే ఒకాయన, రోజంతా నిలబడితే మోకాళ్లు ఆయనతో ఏమేం మాట్లాడతాయో రాశాడు. ఎడమ మోకాలు సుల్తానాబాద్ దాటేదాకా ఊరుకుంటుందట, కుడిది డిపోలోనే మొదలుపెడుతుందట. నాకు నవ్వాగలేదు.

“ఏమే, నా మోకాళ్లు నొస్తుంటె నీకు నవ్వొస్తుందా?” అంది అత్తమ్మ.

“నీ మీద కాదత్తమ్మా, గీయన రాసింది చూసి” అని మొత్తం చదివి వినిపించాను. ఆమె చాట ఒళ్లో పెట్టుకొని, ముఖం ముడుచుకొని వింది.

“మల్లొక్కపారి సదువు” అంది.

అట్లా మొదలైంది. మర్నాడు పొద్దున నేను తునికాకు కత్తిరించబోతుంటే నా చాట తన ముందుకు లాక్కుంది. “నువ్వు సదువు. నీ కట్టలు నేను చుడ్త” అంది. ఆ రోజు నుంచి అదే ఒప్పందం. పొద్దున రెండు గంటలు నేను చదవాలి, నా వాటా ఆమె చుట్టాలి. ఆమెకు అక్షరం ముక్క రాదు. వేలిముద్ర మనిషి. అయితే మంచి రాత ఏదో, ఉత్త మాటలు ఏవో ఆమెకు తెలిసినట్టు నాకు తెలిసేది కాదు. ఎవరైనా బాగా రాశారంటే నోటితో చెప్పేది కాదు, ఆమె చేతులు ఆగిపోయేవి. ఆకు ఒక వేలి మీద, తంబాకు చిటికెలో, అట్లాగే ఉండిపోయేది. నచ్చకపోతే చేతులు మిషన్‌లా ఉరికేవి. “గిది కడుపుల నుంచి రాలే, నోట్లెకెల్లి వచ్చింది. ఇంకోటి సదువు” అనేది.

ఆ చేతుల సంగతి ఇంకొకటి చెప్పాలి. కార్ఖానాలో ఒక్కోసారి నలుగురి బీడీలు ఒకే గంపలో కలిసిపోయేవి. నాది నీది అని లొల్లి మొదలయ్యేది. అందరూ అత్తమ్మను పిలిచేవాళ్లు. ఆమె ఒక్కో బీడీ తీసి, గోటితో మూతి మడిచిన తీరు చూసి, ఇది ఫలానామెది, ఇది ఫలానామె కోడలిది అని వేరే వేరే కుప్పలు పెట్టేది. ఒక్కటీ తప్పు పోయేది కాదట. ఆ సంగతి తెలిసి కూడా నేను చేసిన పని చూడండి, నాకంటే తెలివితక్కువది ఇంకొకతి ఉండదు.

వ్యాఖ్యలు ఎట్లా వచ్చేవో కూడా చెబుతాను. ఆమె మాట్లాడితే వర్షం కురిసినట్టే, నా వేళ్లు అందుకోలేకపోయేవి. అందుకని ఫోనులో ఆమె గొంతు రికార్డు చేసి, తర్వాత నిమ్మళంగా టైపు చేసేదాన్ని. కండక్టర్ గారికి ఆమె చెప్పిన మొదటి మాట ఇది: “బిడ్డా, నువ్వు నిలబడి నిలబడి టికెట్లు కొడ్తున్నవ్, నేను కూసొని కూసొని బీడీలు చుడ్తున్న. ఇద్దరి మోకాళ్లు ఒక్క తీరుగనే నొస్తున్నయంటె తప్పు మోకాళ్లది కాదు.” దానికి మీరంతా ఎంత సంబరపడ్డారో! ఆయన జవాబు రాశాడు, ‘అవ్వా, మీకోసం కిటికీ పక్క సీటు ఆపి పెట్టిన, ఎప్పుడొస్తరు?’ అని. అది విని ఆమె సిగ్గుపడింది. నిజంగా, అరవై దాటిన మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత రోజూ పొద్దున అడిగే మొదటి మాట, “మన బస్సొచ్చిందా?” అని. ఆయన కొత్తది రాయకపోతే, “ఇయ్యాల బస్సు ఖరాబైందేమో” అనేది. ఆదిలాబాద్ దిక్కు అంగన్‌వాడీ టీచరమ్మ రాసే పిల్లల ముచ్చట్లంటే కూడా ప్రాణం. అందులో మధ్య మధ్య మరాఠీ మాటలొస్తే అర్థం నేనే చెప్పాలి, నాది నిర్మల్ కదా, ఎంతో కొంత తెలుసు. ఆ టీచరమ్మ రెండు వారాలు రాయకపోతే పరేషానైపోయింది. “ఆమెకు పాణం మంచిగున్నదో లేదో అడుగు జర” అని నన్ను సతాయించింది. కార్ఖానా దాటి ఊరు చూడని మనిషికి మీ వల్ల మంథనిలో ఒక కొడుకు, ఆదిలాబాద్‌లో ఒక బిడ్డ దొరికారు. నాకూ దొరికారనుకోండి. నేను అనుకున్నట్టే అనుకునేవాళ్లు, నాకు చేతగానట్టు రాసేవాళ్లు ఇంతమంది ఉన్నారని ఆ గోడ ముందు కూర్చున్నన్నాళ్లూ నాకు తెలియదు.

చదవగా చదవగా రాయాలనిపించింది. గొళ్లెం పెట్టి ఆమె పోయాక ఆ రెండు మూడు గంటలు నావే. నిజం చెప్పాలంటే ఆ గొళ్లెం లేకపోతే ఒక్క ముక్క రాసేదాన్ని కాదు, ఏదో పని ముందేసుకునేదాన్ని. కానీ రాసిందంతా ఆ గొళ్లెం మీద కోపంతోనే. లోపల ఏం రగులుతుందో చెప్పుకోవడానికి మీరు తప్ప ఎవరున్నారు? మీరు అయ్యో అనేవాళ్లు, ఆమెను తిట్టేవాళ్లు. పొద్దున ఆమె నా వాటా బీడీలు చుడుతుంది, మధ్యాహ్నం నేను ఆమెను మీతో తిట్టిస్తాను. ఛీ అనిపించేది. అయినా ఆపలేదు, ఆ తిట్లు నాకు తియ్యగా ఉండేవి.

‘బయటి గొళ్లెం’ అసలు సంగతి ఇది. ఒకసారి ఎండాకాలంలో మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, చెప్పకుండా నిర్మల్ నుంచి వచ్చింది. నేను లోపల, గొళ్లెం బయట. ఎత్తితే వచ్చేస్తుంది. “తియ్యవే అవ్వా” అన్నాను. మా అవ్వ గొళ్లెం వంక చూసింది, నా వంక చూసింది. “వియ్యపురాలు ఏసిన గొళ్లెం నేను తీస్తె మంచిగుంటదా బిడ్డా? ఆమె రానీ” అంది. రెండు గంటలు ఎండలో అరుగు మీద కూర్చుంది. కిటికీ ఊచల్లోంచి నీళ్లిచ్చాను. చెయ్యి పట్టుకోబోతే ఊచలడ్డం. అత్తమ్మ వచ్చి, ఏమీ మాట్లాడకుండా గొళ్లెం తీసి, పొయ్యి మీద బియ్యం పెట్టింది. మా అవ్వ కూడా ఏమీ అనలేదు, తిని సాయంత్రం బస్సుకు పోయింది. ఇద్దరికీ నోళ్లు లేవా అని నాకు ఏడుపొచ్చింది.

దాన్నే రాశాను. దొరికిపోతానని భయంతో అవ్వను అన్నను చేశాను, ఎండను వాన చేశాను, సిరిసిల్లను మంథని దగ్గరికి జరిపాను. ఎంత తెలివి! సైట్ వాళ్లు దాన్ని మొదటి పేజీలో పెట్టారు. వందలమంది చదివారు. కానీ నాకు ఇంకొకరి మాట కావాలి. ఆ చేతులు ఆగుతాయా లేదా? అదొక్కటే తెలుసుకోవాలి. అడిగేది ఎవరినో, దేని గురించో అన్న ఇంగితం కూడా లేకపోయింది. మర్నాడు పొద్దున, “ఇయ్యాల ఎవలో కొత్తామె రాసిందత్తమ్మా” అని చదవడం మొదలుపెట్టాను.

రెండో వాక్యానికే చేతులు ఆగాయి. మళ్లీ కదల్లేదు. నాకు సంతోషం పొంగింది, ఆ వెంటనే భయం. ఆపకుండా చివరిదాకా చదివాను. ఆమె చాటలోకి చూస్తూ కూర్చుంది. “కింద మంది ఏమన్నరు?” అంది. మీ తిట్లు చదవలేను కదా. “పాపమన్నరు” అన్నాను.

“ఫోను ఇటు పెట్టు. గా పిల్లకు నేను జర చెప్పాలె.”

రికార్డు నొక్కి ఆమె ముందు పెట్టాను. “బిడ్డా, నువ్వెవలో నాకు తెల్వదు” అని మొదలుపెట్టింది. అంతవరకే విన్నాను. కూర్చోలేకపోయాను. పొయ్యి మీద పప్పుందని చెప్పి లోపలికి పోయి, పప్పు లేని పొయ్యి ముందు నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చి, పంపానన్నాను. పంపలేదు. వినను కూడా వినలేదు. ఆమె ఆ అత్తను వెనకేసుకొస్తుందనీ, ఆ పిల్లకు బుద్ధి చెబుతుందనీ అనుకున్నాను. అది విన్నాక ఇక ఆ ఇంట్లో ఉండలేనేమోనని భయపడ్డాను.

మర్నాటి నుంచి ఆమె గొళ్లెం పెట్టలేదు. గంప ఎత్తుకుంది, పోయింది. మరిచిందేమో అనుకున్నాను. ఆ తర్వాత రోజూ అంతే. నేను అడగలేదు. మీకూ రాయలేదు, గొళ్లెం పోయిందని తెలిస్తే మీ జాలి కూడా పోతుంది కదా. ఇంకో విచిత్రం చెప్పనా? దగ్గరికి వేసిన తలుపు, చేత్తో లాగితే వస్తుంది. ఒక్కరోజూ గడప దాటలేదు. ఎక్కడికి పోవాలో తోచలేదు. అట్లాగే కిటికీ దగ్గరే కూర్చున్నాను.

వారానికోసారి అడిగేది. “గా పిల్ల ఏమన్న రాసిందా?”

“లేదత్తమ్మా.”

“కోపం తగ్గలేదేమో తియ్.”

ఏడాది దాకా అడిగింది. ఏడాది దాకా లేదన్నాను. పోయిన నెల దమ్ము ఎక్కువై, ఊపిరాడక, అంబులెన్సులో కరీంనగర్ తీసుకుపోతుంటే కిటికీలోంచి చూస్తూ, “మన కండక్టర్ బస్సు గీ తొవ్వనే వస్తదా?” అంది. “కాదత్తమ్మా, అది మంథని దిక్కు” అన్నాను. “గట్లనా” అని కళ్లు మూసుకుంది. మూడో రోజు ముక్కుకు పెట్టిన పైపు పక్కకు జరిపి మళ్లీ అడిగింది, గా పిల్ల రాసిందా అని. చుట్టూ మంచాలు, మనుషులు. నేనే ఆ పిల్లనత్తమ్మా అని ఒక్క ముక్క, నాలుక చివరిదాకా వచ్చింది. “రాస్తది, నువ్వు పైపు తియ్యకు” అన్నాను.

కర్మకాండలకు మా ఆయన వచ్చాడు, అన్నీ చేసి మళ్లీ భీవండి పోయాడు. పోతూ గడపలో నిలబడి, “అవ్వ లేదు గదా, ఇగ ఎటు వోకు. పక్కింటి చిన్నమ్మకు చెప్పిన, సూస్తుంటది” అన్నాడు. సరే అన్నాను. చిన్నమ్మ రోజుకు నాలుగుసార్లు కిటికీలోంచి తొంగి చూస్తుంది. అత్తమ్మ గొళ్లెమే నయం, మధ్యాహ్నం ఒక్కపూటే ఉండేది.

మొన్న మధ్యాహ్నం ఆ రికార్డు పెట్టి విన్నాను. అక్షరం మార్చకుండా ఇక్కడ పెడుతున్నాను. ‘బయటి గొళ్లెం’ కింద కూడా ఇవాళ పెట్టాను.

“బిడ్డా, నువ్వెవలో నాకు తెల్వదు. తెల్వదనే అనుకో. మంచిగ రాసినవ్. మీ అత్త పాపిష్టిదే, నేను కాదన. గని ఒక్కటి ఇను. నేను కొత్తగ వచ్చినప్పుడు నా మొగడు గూడ భీవండిల్నే ఉండె. ఒక్కపారి పక్కింటామెతోని సినిమాకు పోయిన. గంతే. వాడకట్టంత నాలుగు మాటలల్లిండ్రు. ఆయన ఇంటికొచ్చి సంవత్సరం నాతోని మాట్లాడలే. అన్నం పెడ్తె తిన్నడు, పోయిండు. కొట్టినా మంచిగుండు. గప్పుడే అనుకున్న, నా ఇంటికొచ్చే పిల్లకు గీ గతి రావద్దని. బయట గొళ్లెం ఉంటె ఎవలేమంటరు? వాళ్ల నోళ్లకు పెడ్తున్న అనుకున్న. గని లోపట ఉన్నది నువ్వాయె. గది నాకు తట్టలే బిడ్డా. గా దినం మీ అవ్వ ఎండల రెండు గంటలు కూసున్నది. గొళ్లెం ముట్టలే. నా ఇజ్జత్ కాపాడింది. ఆమె కాళ్లకు చెంబెడు నీళ్లియ్యలే నేను. రేపటి సంది గొళ్లెం పెట్ట. నువ్వు రాసుడు బంద్ చెయ్యకు. నా మీద రాసినా సరే.”

నేను రాసింది వాన, రాసింది అన్న. ఆమె అన్నది ఎండ, అన్నది మీ అవ్వ. నా దుబాయ్‌ని కూడా భీవండి చేసేసింది. మీ అత్త అని మొదలుపెట్టి, నేను అనే మాటలోకి ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదేమో. నాకు కావలసిన జవాబు ఏడాది పాటు నా చేతిలోనే, ఈ పగిలిన ఫోనులోనే ఉంది. నేను అడగలేక, ఆమె చెప్పలేక, ఇద్దరం ఆ లేని పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకొని మాట్లాడుకున్నాం.

రికార్డు అక్కడితో అయిపోలేదు. ఆపడం ఆమెకు రాదు. మాట ముగిశాక కాసేపు ఏమీ లేదు, గోడ అవతల సాంచాలు తప్ప. ఆ తర్వాత కత్తెర చప్పుడు. ఆకు కత్తిరిస్తోంది. చాటలో తంబాకు సర్దుతోంది. ఒకసారి దగ్గింది, ఒకసారి ముక్కు చీదింది. ఏడ్చిందో, తంబాకు ఘాటో తెలియదు. మళ్లీ కత్తెర. పావుగంట అట్లాగే. ఆ పావుగంట రోజూ వింటున్నాను. చివర్లో నా అడుగుల చప్పుడు వస్తుంది, తర్వాత మా ఇద్దరి గొంతులు.

“అయిందా అత్తమ్మా?”

“అయింది. పంపు.”

“ఆఁ, పంపిన.”

“గా పిల్ల ఇంటదా?”

“ఇంటదత్తమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు.”